ఇండియన్ రాయి

గుండ్రంగా ఉన్న ప్రతి రాయీ ఫిరంగి గుండు కాదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నాకు ఏళ్ళ తరబడి జీతం ఇచ్చారు. మా కాంప్లెక్స్‌లో ఎం.ఎస్. చేసే పిల్లలూ, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళూ తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో నా పక్కన కూచుని, "ఆంటీ, మీరు ఏ టెక్నాలజీ మీద వర్క్ చేసేవారు?" అని అడుగుతారు. "రాళ్ళ మీద" అంటాను. మర్యాదకో నవ్వు నవ్వి, పేపర్ ప్లేటు పట్టుకుని పక్కకి జరిగిపోతారు. జరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నాది జియాలజీ ఎమ్మెస్సీ. విజయనగరం వైపు కొండలన్నీ సుత్తితో కొట్టి చూసినదాన్ని. పెళ్ళయ్యాక H-4 వీసా మీద అమెరికా వచ్చి, పని చేసే హక్కు లేక, అపార్ట్‌మెంట్ గోడలు చూస్తూ కూచున్నాను. గ్రీన్ కార్డ్ వచ్చాక తెలిసినవాళ్ళంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకో, టెస్టింగ్ నేర్చుకో అని నా ప్రాణం తీశారు. నేను విననన్నాను. ఎవరైనా ఒక మాట రెండోసారి చెబితే ఆ పని చెయ్యకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మేముండే క్యారీకి గంట డ్రైవ్ దూరంలో ఉన్న ఒక చిన్న కౌంటీ మ్యూజియంలో వాలంటీర్‌గా చేరి, అక్కడి క్యూరేటర్‌తో వాదించి వాదించి, ఆ వాదన భరించడం కంటే ఉద్యోగం ఇవ్వడమే సుఖమని ఆవిడకి అనిపించేదాకా వాదించి, ఉద్యోగం సంపాదించాను. పోయినేడాది మోకాళ్ళు మొరాయించి మానేశాను గానీ, నోరు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

నెలకో శనివారం మా మ్యూజియంలో ఐడెంటిఫికేషన్ డే. ఎవరికి ఏ పాత వస్తువు దొరికినా తెచ్చి చూపించుకోవచ్చు. ఎక్కువగా వచ్చేవాళ్ళు మెటల్ డిటెక్టర్లు పట్టుకుని తిరిగే రెలిక్ హంటర్లు. పొలం యజమానిని అడిగి, పర్మిషన్ తీసుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పాత సైనికుల గుండీలూ, బకిల్సూ, తూటాలూ వెతుకుతారు. డిటెక్టర్ కూస్తుంది, తవ్వుతారు, తుప్పు పట్టిన మేకు వస్తుంది. మేకు పక్కన ఓ గుండ్రటి రాయి ఉంటుంది. మేకు పారేస్తారు, రాయి తెస్తారు. మనిషి బుద్ధే అంత. రాయి గుండ్రంగా ఉందంటే దాన్ని ఎవరో పనిగట్టుకుని చేశారని నమ్మకం. ఏరు చేస్తుందనీ, మట్టి చేస్తుందనీ, వాటికి మనకన్నా తీరిక ఎక్కువనీ ఎవరూ ఒప్పుకోరు.

వచ్చినవాళ్ళ ఆశలు రెండే రకాలు. ఒకటి, ఇది సివిల్ వార్ నాటి ఫిరంగి గుండు. దానికి మందు నా దగ్గరున్న అయస్కాంతం. అంటుకోకపోతే ఇనుము కాదు, ఇనుము కాకపోతే ఇంటికి. రెండోది, ఇది ఎప్పటిదో పాతకాలపు మనుషులు చేసిన పనిముట్టు. దానికి భూతద్దం కావాలి. రాతి మీద దెబ్బల గుర్తులుండాలి, అరుగుదల ఉండాలి, చెయ్యి పట్టిన చోట నునుపుండాలి. అవేవీ లేకపోతే నేను ముందు తెలుగులో నాలో నేను "ఊరికే రాయి" అనుకునేదాన్ని. ఆ తర్వాత ఇంగ్లీషులో, మ్యూజియం నేర్పిన మెత్తదనంతో, "ప్రకృతి చాలా చక్కగా మలిచింది దీన్ని" అనేదాన్ని.

ఇలా నేను "ఊరికే రాయి" అన్నవాళ్ళలో అందరికన్నా ఎక్కువసార్లు అనిపించుకున్నది ఒక పెద్దాయన. స్కూల్ బస్ నడిపి రిటైరయ్యాడు. డెబ్భై దాటిన మనిషి, తెల్లటి మీసాలు, ఎండకి కందిన మెడ, మాటకి ముందు ఒక "యస్ మ్యామ్", వెనక ఒక "యస్ మ్యామ్". ప్రతి నెలా ప్లాస్టిక్ బకెట్‌లో రాళ్ళు తెచ్చేవాడు. ప్రతి నెలా అన్నీ వెనక్కి పట్టుకెళ్ళేవాడు. ఒక్కసారీ మొహం మాడ్చుకోలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం లాబీలో ఒక అద్దాల బీరువా ముందు ఆగేవాడు.

ఆ బీరువాలో ఊళ్ళోవాళ్ళకి దొరికిన వస్తువులుండేవి. ఒక్కోదాని కింద చిన్న కార్డు. వస్తువు పేరు, దొరికిన చోటు, కనుగొన్నవారి పేరు. ఆయన చర్చి స్నేహితుల పేర్లు అందులో ఉన్నాయి. ఆయన బావమరిది పేరు రెండుసార్లు ఉంది. ఈయన పేరు లేదు. ఒకసారి నేనే అడిగాను, ఏం చూస్తున్నారని. "ఆ కార్డులు ఏ ఫాంట్‌లో కొడతారా అని చూస్తున్నా, మ్యామ్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నాకు నవ్వు రాలేదు.

మా ఇద్దరికీ తగువు ఒక్క మాట మీదే. రాయి బల్ల మీద పెట్టి, "ఇది ఇండియన్ అనుకుంటున్నా, మ్యామ్" అనేవాడు. పాతకాలం మనిషి కదా, ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్నవాళ్ళని ఆయన ఇంకా ఆ పేరుతోనే పిలిచేవాడు. నేను ఊరుకునేదాన్నా? "చూడండి, ఇండియన్ అంటే నేను. వాళ్ళని నేటివ్ అమెరికన్స్ అనాలి. ఎవడో దారి తప్పిన నావికుడు పెట్టిన పేరు మీరెందుకు మోస్తారు?" అని పాఠం చెప్పేదాన్ని. "యస్ మ్యామ్" అనేవాడు. వచ్చే నెల మళ్ళీ బకెట్ దించి, "ఇది మాత్రం ఇండియనే, మ్యామ్" అనేవాడు.

ఒక నెల నేను లేను. పార్సిప్పనీలో మా చెల్లెలి గృహప్రవేశం. సోమవారం తిరిగొచ్చి ల్యాబ్‌లోకి వెళ్ళేసరికి బల్ల మీద నల్లటి ఫోమ్ పరిచి, దీపం వంచి, గ్లవ్స్ వేసుకుని, మా క్యూరేటర్ ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. పొడుగాటి మనిషి, నాకన్నా పదేళ్ళు చిన్న, కుండపెంకులంటే ప్రాణం. నన్ను చూడగానే పసిపాపని నిద్ర లేపకు అన్నట్టు వేలు పెదాల మీద పెట్టింది.

"బస్ పెద్దాయన తెచ్చాడు. పాత అపార్ట్‌మెంట్ల వెనక పారే క్రీక్ ఒడ్డున దొరికిందట. డిటెక్టర్ ఓ మేకుకి కూసింది, తవ్వితే కింద ఇది. చెక్కినదే, సందేహం లేదు. పైన గుంట, ఒళ్ళంతా గంట్లు, అడుగు అద్దంలా అరిగింది. ఈ రాష్ట్రంలో ఇలాంటిది నేను చూడలేదు" అంది.

తొంగి చూశాను. కోడిగుడ్డుని నిలబెట్టినట్టు, నల్లగా, నున్నగా, మా అమ్మమ్మ వంటింటి వెనక వసారాలోంచి ఎవరో ఎత్తుకొచ్చి పెట్టినట్టు కూచుని ఉంది.

"పొత్రం!" అని అరిచాను.

"పోట్రమ్?" అంది ఆవిడ, ఏదో కొత్త సంస్కృతి పేరనుకుని, గబగబా పెన్ను తీసి.

"రాసుకోకు తల్లీ. ఇది మినప్పప్పు రుబ్బే రాయి. దీని కింద రోలుంటుంది, పైనున్న ఈ గుంటలో కర్ర పిడి ఉంటుంది. మా ఇళ్ళల్లో దీంతో ఇడ్లీ పిండి రుబ్బుకునేవాళ్ళం."

"నువ్వు అన్నింట్లోనూ ఇండియానే చూస్తావు."

"ఇండియా కనిపిస్తే ఇండియానే చూస్తాను."

వాదన మొదలైంది. నిజం చెప్పొద్దూ, నాకు పండగలా ఉంది. భూతద్దం లాక్కుని రాయి చూపించాను. నీలి ఛాయ, నూనె రాసినట్టు మెరుపు. "ఇది చార్నొకైట్. నేను చదువుకున్న కొండల రాయి. ఈ కౌంటీలో ఎక్కడా లేదు."

ఆవిడ కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. "అంటే చాలా దూరం నుంచి తెచ్చారన్నమాట! పాత వ్యాపార మార్గాలు!"

"అవును, చాలా దూరం నుంచే. సూట్‌కేసులో."

"మరి ఈ గంట్లు? రాతితో కొట్టి రాతిని మలిచే పద్ధతి ఇదే కదా?"

అక్కడ దొరికిపోయింది. "ఇవి మలిచిన గంట్లు కావు. వీటిని కక్కు అంటారు. పొత్రం అరిగి నునుపెక్కితే పప్పు జారిపోతుంది, నలగదు. అప్పుడు వీధిలో 'రోళ్ళకి కక్కు కొడతాం' అని అరుచుకుంటూ వెళ్ళేవాళ్ళని పిలిచి మళ్ళీ గరుకు చేయిస్తారు. రాతితో కొడితే గంటు చుట్టూ నలిగినట్టుండాలి. చూడు, ఒక్కో గంటూ సూదితో పొడిచినట్టు ఎంత లోతుగా, శుభ్రంగా ఉందో. ఇది ఉక్కు ఉలి."

ఆవిడ చాలాసేపు భూతద్దంలోంచి చూసింది. మంచి శాస్త్రవేత్త. కంటితో చూసినదాన్ని కాదనే రకం కాదు. మెల్లగా గ్లవ్స్ విప్పేసింది. "సరే, గెలిచావు" అంది. నేను గెలుపు రుచి చూసేలోపే, "మరి ఆయనకి నువ్వే చెప్పు" అంది.

"ఎవరికి?"

"ఈ శనివారం చర్చి నుంచి ఓ ఇరవై మందిని తీసుకొస్తున్నాడు. బీరువాలో చోటు ఖాళీ చేయించాను. ఆయన పేరుతో కార్డు పెడుతున్నానని చెప్పేశాను. చెబితే, హ్యాట్ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు."

వాదనలో గెలిచి అంత నీరసపడటం నాకదే మొదటిసారి. ఊరికే రాయి అని ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇన్నాళ్ళకి ఊరికే రాయి కానిది, నిజంగా మనిషి చెయ్యి పడినది తెచ్చాడు. ఇప్పుడు దాన్నీ నేనే లాక్కోవాలి. లాక్కోక తప్పదు. అబద్ధపు కార్డు కింద పేరుంటే అది పేరు కాదు, రేపెవరైనా తెలిసినవాళ్ళు వస్తే నవ్వులాట. కానీ ఒట్టి చేతులతో వెళ్ళి, "ఇది పాతది కాదండీ, మావాళ్ళ పిండిరాయి" అని ఎలా చెప్పను? ఆయన దగ్గర ఒక కథ తీసేసుకుంటుంటే, బదులుగా ఇంకో కథైనా చేతిలో పెట్టాలి కదా. రాయి ఎవరిదో తెలుసుకోవాలనుకున్నాను.

మా ఏరియా తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో ఫోటో పెట్టి, "పాత అపార్ట్‌మెంట్లలో ఉన్నప్పుడు ఎవరైనా పొత్రం పారేశారా?" అని అడిగాను. వచ్చిన జవాబులు: "ఆంటీ, పొత్రం అంటే ఏంటి?" "డైనోసార్ ఎగ్గా అండీ?" "టేబుల్ టాప్ గ్రైండర్ ఉంది, లైట్‌గా వాడింది, పికప్ ఓన్లీ." ఒకావిడ, రోలు లేని పొత్రం ఫోటో పొద్దున్నే పెట్టకూడదని కోప్పడింది. ఇంకొకావిడ నమస్కారాల బొమ్మ పెట్టింది, ఎందుకో ఆవిడకే తెలియాలి.

సాయంత్రం ఒక ఫోన్ వచ్చింది. పెద్దావిడ గొంతు, మా వైపు యాస.

"ఏటమ్మా, ఆ పొత్రం నీకెక్కడిది?"

"క్రీక్‌లో దొరికిందటండీ. మీకు తెలుసా?"

"తెలవడమేటి, నాదే. మా నాయనమ్మ నాకిచ్చింది. పిడి వదులైపోయి ఊడొచ్చేస్తంటే మా ఆయన ఓ మేకు కొట్టి బిగించాడు, సూడు, ఉందేమో."

మేకు సంగతి నేను గ్రూప్‌లో రాయలేదు.

"మరి క్రీక్‌లో ఎందుకేశారక్కా?"

మొత్తం చెప్పింది. ఆ రోజుల్లో ఇక్కడ ఇండియన్ స్టోర్ అంటే గంటల డ్రైవ్. మిక్సీలో రుబ్బిన ఇడ్లీలు రాళ్ళలా వస్తున్నాయని, మొగుడితో పోట్లాడి, రోలూ పొత్రం సామానుతో పాటు ఓడలో వేయించి తెప్పించుకుంది. అపార్ట్‌మెంట్‌లో కింద ఫ్లోర్ వాళ్ళు చప్పుడని కంప్లైంట్ చేస్తే కింద బయటి అరుగు మీద, పేషియోలో, పెట్టుకుంది. ఒకరోజు రుబ్బి, రోలు కడిగి, నీళ్ళు పోసి నానబెట్టి మర్చిపోయింది. మన దగ్గరైతే నీళ్ళున్న రోలుకి కాకులు వస్తాయి, అంతే. ఇక్కడ ఆ రాత్రి నీళ్ళు గడ్డకట్టాయి. పొద్దున్నకి రోలు నిలువునా రెండు బద్దలు.

రాయిలో ముందే సన్నటి నెర్రె ఉండి ఉంటుంది అని నాలోని జియాలజిస్టు అనబోయింది. నోరు మూయించాను.

"రోలు లేని పొత్రం ఒక్కటీ ఇంట్లో ఉంచుకోకూడదని మా అత్తగారు ఫోన్‌లో చెప్పారు. చెత్తలో ఎలా ఏస్తాం? పసుపు రాసి, బొట్టెట్టి, పట్టికెళ్ళి నీళ్ళకిచ్చేశాను. మా ఆయన రోలు బద్దలు చెత్త డంప్‌స్టర్‌లో వేస్తుంటే ఎంత ఏడిచానో. ఎవలైనా చూస్తే మొగుడే పోయాడనుకుందురు."

శుక్రవారం పెద్దాయన్నీ, ఫోన్ చేసినావిడనీ మ్యూజియంకి పిలిచాను. శనివారం అందరి ముందూ తెలియడం కన్నా ముందే తెలియాలి. పెద్దాయన కొత్త చొక్కాతో వచ్చాడు, మడత గీతలు ఇంకా పోలేదు. ఆవిడ పట్టుచీర మీద స్వెటర్ వేసుకుని వచ్చింది. పొత్రం చూడగానే ఎవరినీ అడక్కుండా దాని నెత్తి మీద చెయ్యి వేసింది. గ్లవ్స్ వేసుకోమని చెప్పబోయిన క్యూరేటర్ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది.

నేను పెద్దాయనకి చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు, ఉన్నదున్నట్టే చెప్పాను. ఇది పాతకాలపు పనిముట్టు కాదనీ, మా దేశంలో పప్పు రుబ్బే రాయనీ, ఈవిడదనీ. ఆవిడ మధ్యలో అందుకుని, తన ఇంగ్లీషులో, రోలు పగిలిన సంగతీ, నీళ్ళకిచ్చిన సంగతీ చెప్పింది. చేతులు తిప్పి రుబ్బి చూపించింది. ఆయన ఆవిడ చేతులకేసే చూస్తున్నాడు. హ్యాట్ అంచు వేళ్ళతో తిప్పుతున్నాడు.

"అయితే ఇది పాతది కాదు" అన్నాడు చివరికి.

"ఇక్కడికొచ్చి పాతికేళ్ళు దాటి ఉంటుంది. అంతే" అన్నాను.

"మీ దేశం నుంచి వచ్చింది."

"అవును."

"అంటే, ఇండియా నుంచి."

"అవునండీ."

ఆయన హ్యాట్ తిప్పడం ఆపాడు. మీసాల కింద ఏదో కదిలింది. "మ్యామ్, మరి నేను మొదటి రోజు నుంచీ చెబుతున్నాను కదా, ఇది ఇండియన్ అని" అన్నాడు.

వాదనలో ఓడిపోయాను. నన్నెరిగినవాళ్ళకి ఇది ఎంత పెద్ద వార్తో తెలుసు. మా క్యూరేటర్ బల్ల పట్టుకుని వంగిపోయి నవ్వింది. పొత్రం తెచ్చుకున్న అక్కయ్యకి జోకు అర్థం కాలేదు, కానీ ఆయన నవ్వుతున్నాడు కదాని తనూ నవ్వింది.

నవ్వులు తగ్గాక ఆయన పొత్రాన్ని రెండు చేతులతో ఎత్తి ఆవిడ ముందు పెట్టాడు. "ఇది మీది, మ్యామ్. ఇంటికి తీసుకెళ్ళండి."

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. "నో నో. వాటర్‌కి ఇచ్చేశాను. గివెన్. వెనక్కి తీసుకోకూడదు. ఇప్పుడు మీదే." నావైపు తిరిగి తెలుగులో, "నీళ్ళు ఈయనకిచ్చాయి, నాకేం సంబంధం?" అంది.

ఇక మిగిలింది బీరువా. వాళ్ళిద్దరూ వెళ్ళాక మా క్యూరేటర్ నిట్టూర్చి, "నాకూ బాధగానే ఉంది, కానీ పెట్టలేను. అది ఈ కౌంటీ చరిత్ర బీరువా. ఈ రాయి ఇక్కడి నేలలో ఉన్నది పాతికేళ్ళు" అంది.

"నేను ఈ నేల మీద ఉన్నదీ అంతే. నన్నూ తీసేస్తావా?"

"అది వేరు."

"ఏం వేరు? ఎవరో కొండలో తొలిచారు, ఎవరో కక్కు కొట్టారు, ఒక ఆడమనిషి దాన్ని ఓడెక్కించి నీ కౌంటీకి తెచ్చుకుంది, మీ చలి దాని జతని పగలగొట్టింది, మీ క్రీక్ దాచింది, మీ బస్ డ్రైవర్ తవ్వి తీశాడు. దీనికన్నా ఈ కౌంటీ చరిత్ర ఇంకేం కావాలి నీకు? బీరువాలో ఆయన బావమరిది తూటా ఉంది. అదెక్కడ తయారైందో చెప్పు."

అది సముద్రం అవతల నుంచి దిగుమతైన తూటా అని ఆ కార్డు మీద ఆవిడే రాసింది. "నీతో వాదించడం కన్నా కార్డు కొట్టడం సుఖం" అని కంప్యూటర్ ముందు కూచుంది. నాకు ఉద్యోగం ఇచ్చిన రోజూ ఇదే ధోరణి.

కార్డు మీద "పొత్రం" అని తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ కొట్టించాను. కింద, పప్పు రుబ్బే రాయి, దక్షిణ భారతదేశం. దొరికిన చోటు ఫలానా క్రీక్. కనుగొన్నవారు అని ఆయన పేరు. అక్కయ్య తన పేరు వద్దంది. "పేషియోలో రోలు పగలగొట్టుకున్నదాన్నని ఊరందరికీ తెలవాలేటి?" అంది. శనివారం చర్చివాళ్ళు వచ్చారు. ఆయన పక్కన నిలబడి, "పోట్-రమ్" అని వాళ్ళందరి చేతా పలికించాడు. బావమరిది, "ఇంతకీ వంటింటి రాయేగా?" అన్నాడు. "నీ తూటాతో ఎవరైనా టిఫిన్ చేశారా?" అన్నాడు మా పెద్దాయన. అక్కయ్య డబ్బాలో ఇడ్లీలు తెచ్చింది, గ్రైండర్ పిండివే. అందరూ తలొకటి తిన్నారు. ఒకాయన, పాన్‌కేక్ అనుకున్నాడేమో, సిరప్ ఉందా అని అడిగాడు.

తర్వాతి నెల ఐడెంటిఫికేషన్ డే. తలుపు తీయగానే మొదట కనిపించింది ప్లాస్టిక్ బకెట్. బీరువాలో పేరెక్కాక ఇంక రాడనుకున్నాను. బల్ల మీద ఒక గుండ్రటి రాయి పెట్టాడు. అయస్కాంతం పెట్టాను, అంటుకోలేదు. భూతద్దంతో చుట్టూ చూశాను, ఈసారి మామూలుకన్నా కొంచెం ఎక్కువసేపే చూశాను. మెత్తటి ఇంగ్లీషు మాటలు వెతుక్కుంటూ తలెత్తాను.

"ఊర్కే రాయ్?" అన్నాడు ఆయన.

భూతద్దం బల్ల మీద పెట్టేశాను. "మీకెలా తెలుసు ఆ మాట?"

"ప్రతిసారీ ముందు అదే అంటారు కదా, మ్యామ్. లోపల అనుకుంటున్నానని మీరనుకుంటారు. బయటికే వస్తుంది. బస్ నడిపినవాణ్ణి, వెనక సీట్లో గొణిగింది కూడా వినిపిస్తుంది నాకు."

ఇన్నేళ్ళూ విన్నాడు. విని, వచ్చే నెల మళ్ళీ బకెట్‌తో వచ్చాడు.

"ఊరికే రాయే" అన్నాను, ఈసారి తెలుగులోనే, గట్టిగా.

ఆయన తలూపి, రాయిని బకెట్‌లో జాగ్రత్తగా, పగిలిపోతుందేమో అన్నట్టు దించాడు. "పర్వాలేదు. వెళ్ళేదారిలో నీళ్ళకిచ్చేస్తాను, మ్యామ్" అన్నాడు.